ఉప్పుగని బెల్లం

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఈ మాట మొదటే చెప్పేస్తే మీకూ సుఖం, నాకూ సుఖం. మా వీధిలో ఎవరికి నలతగా ఉన్నా గాలి సోకిందని నిమ్మకాయలు పట్టుకుని తిరుగుతారు. వాళ్లని చూసి నవ్వే మనిషిని నేను. చోడవరం బస్టాండుకి దగ్గర్లో నాకో చిన్న టైలరింగ్ షాపు ఉంది. ఆడవాళ్ల జాకెట్లు కుడతాను. చీకటి పడ్డాక ఒక్కదాన్నే షట్టరు దించి ఇంటికి నడిచిపోతాను. ఇన్నేళ్లలో ఏ దెయ్యమూ నన్ను పలకరించలేదు. నన్ను ఏడిపించిన వాళ్లంతా మనుషులే.

ఇప్పుడిది రాయడానికి కారణం ఒక వీడియో. ఈ మధ్య మా వైపు అందరి ఫోన్లలోనూ తిరుగుతోంది. ఎవరో కుర్రాడు మా ఊరి దగ్గరి పాత గని గట్టు మీద నిలబడి, వెనకాల నీలంగా నీళ్లు కనబడేలా పెట్టుకుని, ఇది రాజుల కాలం నాటి ఉప్పు గని అనీ, ఇక్కడి ఉప్పు ఎక్కడెక్కడికో వెళ్లేదనీ చెప్పాడు. దాన్ని చూసి పెళ్లికి ముందు ఫోటోలు దిగే జంటలు అక్కడికి కార్లలో వస్తున్నారు. పోయిన నెల ఒక పెళ్లికూతురు జాకెట్ అర్జెంటుగా కావాలని కూర్చుంది. ఎందుకమ్మా అంటే ఉప్పుగని దగ్గర షూటింగ్ అంది. ఆ పిల్ల తప్పేమీ లేదు. అయినా ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

అక్కడ ఉప్పు ఎప్పుడూ లేదు. మాది చోడవరానికీ రోలుగుంటకీ మధ్య ఒక చిన్న ఊరు. ఇప్పుడు అనకాపల్లి జిల్లా అంటున్నారు గానీ మా నోటికి ఇంకా విశాఖ జిల్లానే వస్తుంది. ఊరి వెనక ఒక కొండ ఉంది. దాని పక్కలో తెల్లటి పలుగురాయి పొర ఒకటి, లంగాకి అంచు కుట్టినట్టు, పై నుంచి కిందికంటా ఉండేది. వాన పడితే ఆ రాయి కల్లుప్పు గడ్డల్లా మెరిసేది. అందుకని పెద్దవాళ్లు దాన్ని ఉప్పుకొండ అనేవారు. గని తవ్వాక ఉప్పుగని అన్నారు. పేరుకి అంతకన్నా చరిత్ర లేదు.

రాయికి మాత్రం చరిత్ర ఉంది. మా ముత్తాతల నాటికి అది నిప్పు పుట్టించుకోవడానికి తప్ప ఎందుకూ పనికి రాదు. చెరకు తోటలో నాగలికి తగిలితే తిట్టుకుని గట్టు మీదికి విసిరేసేవారు. తర్వాత ఎక్కడి నుంచో ఒక కంట్రాక్టరు వచ్చాడు. ఆ తిట్టుకున్న రాయే గాజుకి పనికొస్తుందని, నేల మీద వేసే టైల్సుకి పనికొస్తుందని చెప్పి కొండ లీజుకి తీసుకున్నాడు. మందు పెట్టి పేల్చేవారు. మగవాళ్లు పెద్ద రాళ్లు దించితే ఆడవాళ్లు వరసగా కూర్చుని సుత్తులతో కొట్టి రకాలు వేరుచేసేవారు. అద్దంలా ఉన్నది ఒక కుప్ప, పాలలా ఉన్నది ఒక కుప్ప, తుప్పు మరకలున్నది ఇంకో కుప్ప. మధ్య మధ్య ఆవగింజంత ఎర్రటి గార్నెట్ పలుకులు దొరికేవి. కాకిబంగారం రేకులు కూడా దొరికేవి. పిల్లలం అవి ఏరుకుని పలక మీద అంటించుకునేవాళ్లం.

తర్వాత కొండ కింద పౌడరు మిల్లు పెట్టారు. అదీ అసలు కథ. పాలరకం రాయిని అందులో వేసి మెత్తగా పొడి చేసి సంచుల్లోకి ఎత్తేవారు. ఆ పొడి గిన్నెలు తోమే సబ్బుల్లో కూడా కలుస్తుందని చెప్పుకునేవారు. మిల్లుకి నాలుగు గోడలు, పైన రేకులు. లోపల పనిచేసేవాళ్లు బయటికొస్తే ఎవరు ఎవరో పోల్చుకోలేకపోయేవాళ్లం. కనురెప్పల మీద కూడా తెల్లగా ఉండేది.

మా అమ్మ నూకరత్నం, మా పిన్ని వరాలు, ఇద్దరూ మొదట సుత్తి పనికి వెళ్లి, తర్వాత ఆ మిల్లులో సంచులు నింపే పనికి మారారు. అక్కచెల్లెళ్లిద్దరూ ఒకే ఊరి కోడళ్లు. మిల్లులో నీడ ఉంటుంది కదా అని సంబరపడ్డారట.

ముక్కుకి అడ్డం చీరకొంగు కట్టుకోవడం తప్ప వాళ్లకి వేరే ఏర్పాటు లేదు. ఒక ఏర్పాటు ఉండేది, చెప్పకపోతే కంట్రాక్టరుకి అన్యాయం చేసినదాన్నవుతాను. సాయంత్రం పని దిగేటప్పుడు మేస్త్రి గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరి చేతిలో ఒక బెల్లం ముక్క పెట్టేవాడు. అది తింటే గొంతులో దుమ్ము కడుపులోకి జారిపోతుందని, పొద్దున్నకి బయటికి పోతుందని చెప్పేవారు. మాది బెల్లం వండే ప్రాంతం. బెల్లం చెడు చేస్తుందని మా వైపు ఎవరికి తోస్తుంది? బాలింతకి పెట్టేది అదే, దేవుడికి పెట్టేది అదే. అందరూ నమ్మారు. కంట్రాక్టరు ధర్మాత్ముడన్నారు.

అమ్మ ఆ ముక్క తినేది కాదు. కొంగున ముడేసుకుని నాకు తెచ్చేది. నేను ఊరి మొదట్లో కాచుకుని ఉండేదాన్ని. కొంగు విప్పితే బెల్లానికి తెల్లటి పొడి అంటుకుని ఉండేది. అమ్మ దాన్ని నా లంగాతో తుడిచి నా నోట్లో పెట్టేది.

కొన్నాళ్లకి అమ్మకి దగ్గు మొదలైంది. తర్వాత ఆయాసం. ఆసుపత్రిలో వీపు మీద గొట్టం పెట్టి చూసి టీబీ అన్నారు. ఎక్స్‌రే తీయలేదు. తీసే మిషను ఆ రోజుల్లో అక్కడ లేదు, ఉన్నచోటికి పంపినవాళ్లూ లేరు. ఏం పని చేస్తావని కూడా అడగలేదు. మాత్రలిచ్చి, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దని చెప్పి పంపించేశారు.

మా నానమ్మ ఆ మాట గట్టిగా పట్టుకుంది. పశువుల పాక పక్కన అమ్మకి మంచం వేసింది. వేరే కంచం, వేరే గ్లాసు. నేను గుమ్మం దాటితే వీపు చీరేసేది. అమ్మ అక్కడి నుంచి నా వైపు చూసేది, నేను ఇక్కడి నుంచి చూసేదాన్ని. ఆ చూపులతోనే ఒక ఏడాది గడిచింది. నాకు పదకొండో ఏట అమ్మ పోయింది. ముత్తయిదువుగా పోయిందని ఊళ్లోవాళ్లు మెచ్చుకున్నారు. నానమ్మ మాత్రం పుస్తెలు తీసి దాచుకుంది. పసుపుతాడూ దానికున్న పిన్నీసులూ అమ్మతోనే కాలిపోయాయి.

అమ్మ పోయిన కొన్నాళ్లకి నానమ్మ ఒక కొత్త మాట కనిపెట్టింది. వరాలు కూడా అదే మిల్లులో పని చేసింది కదా, దానికేం కాలేదే, ఎందుకంటే అది రోజూ తన బెల్లం తను తినేది, మా కోడలి బెల్లం దాని కూతురు తినేసింది. అదీ ఆవిడ లెక్క. ఊళ్లో ఆ మాట నాకు పేరులా అంటుకుంది. తల్లి బెల్లం తినేసిన గుంట. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. పెళ్లిచూపులప్పుడు కూడా ఎవరో అన్నారు. పెళ్లయ్యాక నా మొగుడు తాగొచ్చినప్పుడల్లా అన్నాడు. కొన్నేళ్లకి వాణ్ణి వదిలేసి, పుస్తెలు అమ్మేసి కుట్టుమిషను కొనుక్కున్నాను. అప్పటి నుంచీ నా మెడలో ఏమీ లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

బెల్లం నేను పదకొండో ఏటి నుంచి ముట్టలేదు. చోడవరంలో ఉంటూ బెల్లం తినకుండా బతకడం అంత తేలికేమీ కాదు. ప్రసాదాలు కళ్లకద్దుకుని పక్కవాళ్లకి ఇచ్చేసేదాన్ని. అడిగితే షుగర్ అనేదాన్ని. తప్పు నాది కాదని బుర్రకి తెలుసు. నోటికి మాత్రం తెలియలేదు.

గని ఎప్పుడో మూతపడింది. పొర లోపలికి వంగిపోయిందట, కింద నీళ్లు ఊరాయట. కంట్రాక్టరు మిల్లు విప్పి రేకులతో సహా పట్టుకుపోయాడు. గొయ్యి మాకు వదిలేశాడు. ఆ వరసలో కూర్చుని రాళ్లు కొట్టిన ఆడవాళ్లు ఒక్కొక్కరే దగ్గుతూ పోయారు. అందరికీ టీబీయే రాశారు.

మిగిలింది మా పిన్ని. నిరుడు ఆవిడకీ దగ్గు ముదిరింది. మా పిన్ని కొడుకు అప్పలరాజు చోడవరంలోనే ఇల్లు కట్టుకున్నాడు. ఒక ఎరువుల దుకాణంలో పని. రాజు చెడ్డవాడేం కాదు. కానీ పెళ్లయిన ఎన్నో ఏళ్లకి, అప్పుడే వాళ్లకి ఆడపిల్ల పుట్టింది. పిన్నికి టీబీ మాత్రలు ఒకసారి వాడారు, తగ్గలేదు. మళ్లీ వాడారు, మళ్లీ తగ్గలేదు. కళ్లె పరీక్షలో ఏమీ లేదని వచ్చినా, ఎందుకైనా మంచిదని ఇంకోసారి మొదలుపెట్టారు. రాజూ వాడి పెళ్లాం హైమా భయపడి పిన్నికి వెనక వరండాలో మంచం వేశారు. వేరే కంచం. వేరే గ్లాసు.

నేను ఆ గ్లాసు చూసిన రోజు రాజుతో పెద్ద గొడవ పడ్డాను. వాడు గొంతు పెంచలేదు. "అక్కా, నువ్వు సెప్పినావని సంటిదాన్ని ఇచ్చేస్తే, రేపేటన్నా అయితే ఎవలు సూస్తారు?" అన్నాడు.  ఆసుపత్రి కాగితం మీద టీబీ అని ఉంది. నేను జాకెట్లు కుట్టేదాన్ని.

పిన్ని ఎవరినీ ఏమీ అనలేదు. నేను వెళ్తే పాప ఏడుపు వినబడే వైపు తల తిప్పి కూర్చునేది. పోయేలోగా ఒక్కసారి ఆ పిల్లని ఒళ్లో పెట్టుకోవాలని, అంతకుమించి తనకేమీ వద్దని ఒకరోజు నాతో చెప్పింది. నెలల పిల్ల అప్పుడే నడిచే పిల్లయిపోయింది. నాయనమ్మ అంటే దానికి కిటికీలోంచి కనబడే ఒక ముసలిది, అంతే.

విశాఖపట్నంలో ఛాతీ డాక్టరు ఒకావిడ ఉందని నా దగ్గర కుట్టించుకునే టీచరమ్మ చెప్పింది. వెళ్లేముందు చోడవరంలోనే కొత్తగా ఎక్స్‌రే తీయించి పట్టుకెళ్దామనుకున్నాను. పొద్దున్నే పిన్నిని ఆటోలో ఎక్కించుకుని ల్యాబుకి తీసుకెళ్లాను. అప్పుడే తాళాలు తీశారు. మాకన్నా ముందు ఎవరూ లేరు. నాకూ అప్పట్లో కొన్నాళ్లుగా పొడిదగ్గు ఉండేది, గుడ్డల నూగు పీల్చి పీల్చి. నువ్వూ తీయించుకోమని పిన్ని ఒకటే పట్టు. ఆవిడ తృప్తి కోసం సరేనన్నాను.

పిన్నికి ముందు తీశారు. తర్వాత నాకు. ఒంటి మీదవన్నీ తీసేసి, వీపున నాడాలుండే వాళ్ల గౌను తొడుక్కున్నాను. బల్లకి ఛాతీ ఆనించి నిలబడ్డాను. ఊపిరి బిగబట్టమన్నాడు, బిగబట్టాను. అంతే. ఏ చలీ వేయలేదు, ఏ నీడా కనబడలేదు.

బట్టలు మార్చుకుని కూర్చున్న కాసేపటికి ఎక్స్‌రే తీసే అతను కవర్లు పట్టుకుని వచ్చాడు. విసుగ్గా ఉన్నాడు. "ఏటమ్మా, మెడలోవన్నీ తియ్యమన్నాను కదా, పిన్నీసులు అలాగే ఉంచీసేవు" అన్నాడు. నాకు పిన్నీసులు లేవన్నాను. అతను ఫిలిం తీసి దీపానికి పెట్టాడు.

నేను టైలర్ని. పిన్నీసు ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఛాతీ మధ్యన మూడు ఉన్నాయి. రెండు మూసి ఉన్న మామూలు పిన్నీసులు. మూడోది విప్పి తిన్నగా సాగదీసినది, దాని కొస చిన్న కొక్కెంలా వంచి ఉంది. పుస్తెలు లేవు. పుస్తెలుంటే గుండ్రంగా రెండు బిళ్లల్లా పడతాయట, అతనే అన్నాడు. ఇక ఊపిరితిత్తులు. వాటి నిండా, మంచు పడినట్టు, తెల్లటి చుక్కలు. అతను నన్ను పైనుంచి కింది దాకా చూసి, మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అని నెమ్మదిగా అడిగాడు. రాదన్నాను.

మళ్లీ గౌను తొడిగించాడు. నేను దాన్ని మడత మడతా తడిమి చూసుకున్నాను. ఒక ఆడమనిషిని పిలిచి ఆమెతో కూడా చూపించాడు. రెండోసారి తీశాడు. రెండో ఫిలింలో పిన్నీసులు లేవు. చుక్కలు లేవు. శుభ్రమైన ఛాతీ. మిషను తేడా చేసుంటుందని అతను అన్నాడు గానీ, ఆ మాట అతనికే నచ్చినట్టు లేదు. మొదటి ఫిలిం పారేయబోతుంటే నేను అడిగి తీసుకున్నాను. ఎందుకు అడిగానో అప్పుడు నాకే తెలియదు.

పిన్నిది మారిపోయి వచ్చిందేమో అని మీరు అనుకుంటారు. నేనూ అదే అనుకున్నాను. పిన్ని ఫిలిం పిన్ని కవరులో ఉంది, అందులోనూ చుక్కలున్నాయి కానీ ఇన్ని లేవు. పిన్ని విధవ. ఆవిడ మెడలో తాడు తీసేసి ఎన్నేళ్లయిందో. మాకన్నా ముందు ఆ రోజు ఎవరికీ తీయలేదు.

బయట బెంచీ మీద కూర్చుని ఆ ఫిలిం కిటికీ వెలుతురుకి పెట్టాను. పిన్ని తొంగి చూసింది. అంతసేపూ దగ్గుతున్న మనిషి ఆగిపోయింది. వేలు పెట్టి ఆ వంకర పిన్నీసు మీద రాసింది. తర్వాత ఎడమ వైపు మెడ ఎముక మీదికి వేలు జరిపింది. అక్కడ ఎముక ఒకదాని మీద ఒకటి ఎక్కి బుడిపెలా అతుక్కుని ఉంది. అప్పటిదాకా నేను అది చూడలేదు.

"ఇది అక్కదే" అంది పిన్ని. "ముల్లు పిన్నీసు సూడు."

నాకు అప్పుడు గుర్తొచ్చింది. పలుగురాయి కొట్టేటప్పుడు దాని పెచ్చులు వేళ్లలో దిగిపోతాయి. గాజులా పైకి కనబడవు. వాటిని తీసుకోవడానికి ఆ ఆడవాళ్లు ఒక పిన్నీసుని విప్పి, రాయి మీద పెట్టి కొట్టి కొస వంచి, పుస్తెల తాడుకి గుచ్చుకునేవారు. ఎవరిది వాళ్లే వంచుకునేవారు. అమ్మ దానితో నా కాలిలో ముల్లు తీసిన రోజులున్నాయి. ఇక ఆ ఎముక. మిల్లులో సంచుల దొంతర మీద పడి అమ్మకి మెడ ఎముక విరిగింది. ఊళ్లో కట్టు కట్టించారు. వంకరగా అతుక్కుంది. జాకెట్ ఆ పక్క ఎప్పుడూ జారిపోయేది.

పిన్నిని నేను కసిరాను. పిచ్చి మాటలు మాట్లాడొద్దన్నాను. ఫిలిం లాక్కుని నా సంచిలో పెట్టేశాను.

పుస్తెలు ఎందుకు లేవో ఆ రాత్రి ఇంట్లో పడుకున్నాక తట్టింది. నానమ్మ తీసుకుంది కదా. అమ్మతో కాలిపోయినవే ఆ ఫిలింలో ఉన్నాయి. ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు రాజు సెలవు పెట్టి మాతో విశాఖపట్నం వచ్చాడు. తల్లికి బస్సులో కిటికీ పక్క సీటు ఇచ్చి, తను మూతికి గుడ్డ కట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. డాక్టరమ్మ కవరు తీస్తే అందులోంచి రెండు ఫిలింలు వచ్చాయి. ఒకటి పిన్నిది, ఒకటి ఆ పిన్నీసులున్నది. నేను పెట్టలేదు. నా సంచిలోంచి తీసి పిన్నే పెట్టేసిందని తర్వాత తెలిసింది.

ఆవిడ రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. పిన్నిది ఒక్కటే ఉంటే నేనూ పాత టీబీ మచ్చలనే అనుకునేదాన్నేమో అంది. రెండోదాని మీద పెన్నుతో తట్టి, ఈ ఇద్దరూ ఏం పని చేసేవారు అని అడిగింది.

ఇన్నేళ్లలో, ఇంతమంది డాక్టర్లలో, ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడ.  నేను చెప్పాను. కొండ, మిల్లు, సంచులు, మూతికి కొంగు, అంతా చెప్పాను. చెబుతుంటే నా గొంతు లేచిపోయింది. బయట వరసలో ఉన్నవాళ్లు కూడా విని ఉంటారు. విననీ.

అది టీబీ కాదని, రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోతే వచ్చే జబ్బని, దాన్ని సిలికోసిస్ అంటారని ఆవిడ చెప్పింది. కళ్లె మళ్లీ పరీక్ష చేయించింది, ఇంకేవో చేయించింది. వాటి కోసం ఇంకోసారి వెళ్లాం. అన్నిట్లోనూ టీబీ లేదనే వచ్చింది. అప్పుడు రాజుని కూర్చోబెట్టి, ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదు, మీ అమ్మ పసిపిల్లని ఎత్తుకోవచ్చు, ముద్దు పెట్టుకోవచ్చు అని వివరంగా చెప్పింది. నయం కూడా కాదని అదే గొంతుతో చెప్పింది. రాజు మూతికి కట్టుకున్న గుడ్డ తీసి చేతిలో నలుపుకుంటూ కూర్చున్నాడు.

లేచేటప్పుడు నేను బెల్లం సంగతి అడిగాను. దానికోసమే ఇంత దూరం వచ్చినట్టు అడిగాను. రోజూ బెల్లం తిన్నవాళ్లకి ఇది రాదా అని. బెల్లం కడుపులోకి పోతుంది, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, రెండూ ఎక్కడా కలవవమ్మా, తిన్నా తినకపోయినా ఒకటే అంది. రెండో ఆవిడని కూడా వెంటనే తీసుకురండి, ఆవిడ పరిస్థితి మరీ బాగోలేదు అని కూడా అంది. నేను సరేనన్నాను. వేరే ఏం అనాలి?

ఇంటికొచ్చిన రోజు మధ్యాహ్నం హైమ పాపని తీసుకొచ్చి వరండాలో పిన్ని ఒళ్లో కూర్చోబెట్టింది. తనే వచ్చి కూర్చోబెట్టింది, ఎవరూ చెప్పలేదు. పిన్ని చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? చీరకొంగు తీసి ముక్కుకి అడ్డం కట్టుకుంది, మిల్లులో కట్టుకున్నట్టే. అక్కర్లేదు అత్తా అని హైమ అంటున్నా వినలేదు. పాప ఆ కొంగు పట్టుకుని లాగేసింది. పిన్ని మళ్లీ కట్టుకోబోయింది, మళ్లీ లాగేసింది. దానికి ఆటగా ఉంది. అప్పుడు పిన్ని ఏడ్చింది. రాజు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

నాకు సంతోషంగా ఉండాలి. ఉంది కూడా. కానీ పశువుల పాక పక్కన ఆ మంచం గుర్తొచ్చి ఒళ్లంతా మండిపోయింది. అంటుకోని జబ్బుకి అంత దూరం. ఏడాది పాటు మా అమ్మ నన్ను ముట్టుకోలేదు, ముట్టుకోనివ్వలేదు. ఆ ఏడాది నాకు ఎవరిస్తారు? కంట్రాక్టరు ఇస్తాడా, గొట్టం పెట్టి చూసిన డాక్టరు ఇస్తాడా, నానమ్మ ఇస్తుందా? ముగ్గురూ హాయిగా పోయి ఉంటారు.

పిన్ని కళ్లు తుడుచుకుని, ఒక బెల్లం ముక్క పట్టుకురమ్మని హైమకి చెప్పింది. పాపకేమో అనుకున్నాను. ఆ ముక్క నా అరచేతిలో పెట్టి, మేస్త్రి పెట్టినట్టే వేళ్లు మూసింది.

"ఒసే పైడమ్మా, నాను రోజూ తిన్నాను. ఒక్క రోజు మానలేదు. నాకూ వచ్చింది. మరి నువ్వేటి సేసేవు, సెప్పు?"

 ముక్క నోట్లో పెట్టుకున్నాను. ముప్పై ఏళ్లు దాటింది ఆ రుచి తెలిసి. పంటి కింద ఏదైనా గరగరలాడుతుందేమో అని ఒక క్షణం భయపడ్డాను. ఏమీ లేదు, ఉత్త బెల్లమే.

తర్వాత ఒకరోజు మళ్లీ ల్యాబుకి వెళ్లాను. నా పేరు మీద ఎన్ని తీశారో చూడమన్నాను. అతను కంప్యూటరులో వెతికాడు. ఒకటే ఉంది, శుభ్రమైనది. మొదటిది తను చేత్తో అచ్చు తీసి ఇచ్చినట్టు తనకూ గుర్తుందన్నాడు. ఫిలిం కూడా చూశాడు, తమదేనన్నాడు. ఇంతకుమించి తనని అడగొద్దన్నాడు. ఆ తర్వాత నేను ఆ వీధిలో వెళ్తుంటే చూడనట్టు లోపలికి పోతాడు.

పిన్ని ఈ చలికాలంలో పోయింది. పాప ఆ పూట కూడా ఆవిడ మంచం మీదే ఆడుకుంది.

ఆ ఫిలిం నా కుట్టుమిషను సొరుగులో ఉంది. ఎవరికైనా చూపించమంటే చూపిస్తాను. నాకు తోచిన కారణాలన్నీ ఒక్కొక్కటే పెట్టి చూసుకున్నాను, ఏదీ కొలతకి సరిపోలేదు. దెయ్యాల మీద నమ్మకం ఇప్పటికీ లేదు. బతికుండగా మా అమ్మకి ఎవరూ ఎక్స్‌రే తీయలేదు. ఆవిడ ఛాతీలో ఏముందో చూపించే కాగితం ఈ లోకంలో ఇదొక్కటే. దాని మూల మీద పేరు మాత్రం నాది ఉంది.